టీకాలో పాదరసం ఉందని భయపడేవాళ్లకు

'స్వైన్ ఫ్లూ టీకాలో పాదరసం, సొరచేప నూనె కలుపుతారంట. నెల్లూరులో పిల్లోడికి వేయించొచ్చా?' అని కదా అడిగారు. వేయించండి. 2009 నాటి హెచ్‌1ఎన్‌1 రకం ఇప్పుడు ఏటా వచ్చే మామూలు ఫ్లూ టీకాలోనే ఉంటుంది. ప్రైవేటు ఆసుపత్రుల్లో ఎక్కువగా వేసేది ఒక్క డోసు నింపి వచ్చే సిరంజీ. అందులో సాధారణంగా పై రెండూ ఉండవు. అనుమానముంటే డబ్బాలోని కాగితం అడిగి, పాదరసం ఉండే 'థయోమర్సాల్' అనే పేరుందేమో చూసుకోండి.

2009లో గొడవంతా పది డోసుల సీసాల మీద. థయోమర్సాల్ బరువులో దాదాపు సగం పాదరసం. అమెరికా సీసాల్లో అర మిల్లీలీటరు డోసుకు 25 మైక్రోగ్రాముల పాదరసం పడేది. అది ఇథైల్ రకం, రక్తంలో వారానికల్లా సగం పోతుంది. సొరలాంటి పెద్ద చేపల్లో చేరేది మిథైల్ రకం, సగం పోవడానికే నెలన్నర పడుతుంది. బాలింతకు పాలు పడాలని సొర పిట్టు చేసి పెట్టే ఊళ్లలో టీకా దగ్గరే పాదరసం గుర్తొస్తుంది చూడండి!

సొర నూనె అంటే స్క్వాలీన్. యూరప్‌లో వేసిన పాండెమ్‌రిక్స్ అనే స్వైన్ ఫ్లూ టీకాలో డోసుకు 10 మిల్లీగ్రాముల పైచిలుకు ఉండేది. మన కాలేయం కూడా దీన్ని తయారుచేస్తుంది. తినడం వేరు, సూదితో ఎక్కించుకోవడం వేరు అంటారా, నిజమే. అందుకే చెప్తున్నా, ఇటలీలో 1997 నుంచి ముసలివాళ్లకు స్క్వాలీన్ ఉన్న ఫ్లూ టీకా వేస్తున్నారు.

అసలు దెబ్బ వేరే వైపు నుంచి వచ్చింది. 2010 ఆగస్టులో స్వీడన్, ఫిన్లండ్ డాక్టర్లు పాండెమ్‌రిక్స్ వేసుకున్న పిల్లల్లో నార్కోలెప్సీ, అంటే పట్టపగలే ఆపుకోలేని నిద్ర, కనిపెట్టారు. బాధితుల్లో దాదాపు అందరికీ ఒకే రకం జన్యువుంది. 2011లో ఇరవై ఏళ్లలోపు వాళ్లకు దాని వాడకాన్ని కట్టడి చేశారు. స్క్వాలీనే కారణమైతే ఎమ్‌ఎఫ్59 అనే స్క్వాలీన్ మిశ్రమం కలిపిన ఇటలీ టీకా లాంటివాటిలోనూ ఇది బయటపడాలి. పడలేదు. పాదరసం పట్టుకు వేలాడినవాళ్లు దీన్ని ముందే ఊహించిందీ లేదు.

ఇంతకీ థయోమర్సాల్ ఎందుకు కలుపుతారు? 1928 జనవరి, ఆస్ట్రేలియాలో బండబర్గ్ ఊరు, మండే ఎండాకాలం. రబ్బరు మూత ఉన్న డిఫ్తీరియా మందు సీసా, క్రిములు పెరగకుండా ఆపేది అందులో ఏమీ కలపలేదు. రోజుల తరబడి అదే సీసాలో సూది గుచ్చుతూ వచ్చారు. చివరిసారి అందులోంచి 21 మంది పిల్లలకు ఇస్తే 12 మంది చనిపోయారు. సీసాలో స్టెఫైలోకాకస్ అనే క్రిమి పెరిగింది. రోహిణి కార్తెలో కావలి, కందుకూరు ఎండలు తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అట్లాగని థయోమర్సాల్ అన్నిటినీ కాయదు. వాడిన సూదితో మళ్లీ సీసాలో గుచ్చితే హెపటైటిస్ బి లాంటి వైరస్‌ను అది ఆపలేదు. మందు తీశాక సూదిని మూతలోనే వదిలేస్తే క్రిములకు దారి తెరిచిపెట్టినట్టే. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాక్‌ను అట్లాగే టీకాలు మోసే పెట్టెలో పెడితే పక్కనున్న సీసా గడ్డకడుతుంది. ప్యాక్‌ను కాసేపు బయటపెట్టి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వచ్చాకే సర్దాలి. ఒకసారి గడ్డకట్టిన ఫ్లూ టీకా మళ్లీ కరిగినా పనికిరాదు, పారేయాల్సిందే.

ఇంకోటి. పాదరసం లెక్కలు అడిగే పెద్దమనుషులే జలుబు చేస్తే వీధి చివర ఆరెంపీ దగ్గరికెళ్లి పేరు కూడా అడక్కుండా సూది వేయించుకుంటారు, నీరసమని గ్లూకోజ్ సీసా ఎక్కించుకుంటారు. అందులో ఏముందో ఎవరికీ పట్టదు.

మీరు వెళ్లినప్పుడు సిరంజీ కవరు మీ ఎదుటే చింపమనండి, గడువు తేదీ చూడండి. పది డోసుల సీసా అయితే మూత ఎప్పుడు తీశారో దానిమీద రాసుండాలి. టీకా వేశాక అరగంట అక్కడే కూర్చోండి. అలర్జీ తిరగబడితే ఇవ్వడానికి అడ్రినలిన్ ఉందా అని ముందే అడగండి. లేదంటే వేరే ఆసుపత్రికి పొండి.