ఫొటోలు నచ్చాయి, పక్కనున్న అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగులే బుర్రకెక్కలేదు. ఎలా చూడాలి?

మీ ప్రశ్న చదవగానే నవ్వొచ్చింది, ఎనిమిదేళ్ల కిందటి దాకా నేనూ ఇదే అడిగేవాణ్ని. హాల్లో ఒకవైపు కొండలు, చెరువుల ఫొటోలు, ఇంకోవైపు ఇది ఫలానా వస్తువు అని కనిపించకుండా రంగులు, ఆకారాలే ఉండే అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగులు పెట్టారు, ఫొటోల దగ్గర అరగంట గడిచింది, పెయింటింగుల దగ్గర అర నిమిషం నిలబడలేకపోయాను, అసలు ఈ రెండూ కలిపి ఎందుకు పెడతారు అన్నారు కదా. నేను ఆర్టిస్టునీ కాదు, క్రిటిక్‌నీ కాదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సెలవొస్తే కెమెరా భుజాన వేసుకుని తిరిగే రకం. కాకపోతే సరిగ్గా ఇలాంటి గ్రూప్ షోలోనే ఒకసారి నా ఫొటోలు నాలుగు పెట్టారు, అక్కడ రెండు తప్పులు చేశాను, ఈ విషయంలో నాకు తెలిసిన కాస్తా వాటి పుణ్యమే.

మొదటిది ప్రింట్ల గొడవ. హైదరాబాద్ ఖాజాగూడ గుట్టల దగ్గర సాయంత్రం ఎండలో తీసిన ఫొటోలవి (ఆ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు, చుట్టూ లేస్తున్న టవర్ల వయసు చెప్పక్కర్లేదు). పెద్ద బండ మీద చిన్న బండ, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లిపోతుందన్నట్టు. ఇంట్లో మానిటర్ బ్రైట్‌నెస్ ఫుల్‌గా పెట్టుకుని ఎడిట్ చేశాను. స్క్రీన్ వెలుగుతుంది, కాగితం వెలగదు, ఆ ముక్క అప్పుడు తట్టలేదు. 20x30 అంగుళాల ప్రింట్ చేతికొచ్చాక చూస్తే కింది బండ నీడవైపంతా బొగ్గులా వచ్చింది, రాతి మీద గరుకు లేదు, పగులు లేదు, ఏమీ లేదు. ల్యాబ్ వాళ్లను అనడానికీ లేదు, నేనిచ్చిన ఫైలే అలా ఉంది. మళ్లీ వేయిద్దామంటే టైమూ లేదు, డబ్బులూ లేవు.

రెండోది ఇంకా ఘోరం. షో ముందురోజు రాత్రి ఫ్రేములు తగిలించే పనిలో నేనూ ఓ చెయ్యి వేశాను. బొమ్మ మధ్యభాగం నేల నుంచి 58 అంగుళాల దగ్గర, అంటే ఇంచుమించు కంటి ఎత్తులో రావాలని టేపు పెట్టి కొలవడం, మేకు కొట్టడం, లెవెల్ పెట్టి చూడటం, ఈ టెన్షన్‌లో ఒక పెద్దావిడ వేసిన నాలుగడుగుల కాన్వాస్‌ని తలకిందులుగా తగిలించేశాను. వెనక చెక్క మీద పెన్సిల్‌తో బాణం గుర్తు వేసే ఉంది, చూసుకోలేదు. పొద్దున ఆవిడ వచ్చారు. తిడతారనుకున్నా. "బాబూ, ముందు కాసేపు ఇలాగే చూడు, తర్వాత తిప్పి చూడు" అన్నారంతే.

ఆ కాన్వాస్‌లో సగానికి పైగా ముదురు ఇటుక రంగు, మిగతాది పల్చని బూడిద రంగు, రెండింటి మధ్యా సున్నం గీకినట్టు వంకర గీత. నేను తగిలించినప్పుడు ఇటుక రంగు పైన ఉంది, గదిలో ఉన్నంతసేపూ ఏదో మీద పడబోతున్నట్టే అనిపించింది. తిప్పాక అదే రంగు కిందికి దిగి కుదురుగా కూర్చుంది, ఇందాక నేలలా పరుచుకున్న బూడిద రంగు పైకి తేలిపోయింది. కొండ లేదు, చెరువు లేదు, కానీ బరువు ఉంది, గాలి ఉంది. మధ్యాహ్నం ఆవిడే నా బండల ఫొటో ముందు నిలబడి "ఈ నలుపు బాగా పెట్టావు, ఇది లేకపోతే పైది జారిపోయేది" అన్నారు. అది పెట్టింది కాదు, చెడింది అని చెప్పడానికి నోరు రాలేదు. ఇదిగో, ఇప్పుడు ఇక్కడ ఒప్పుకుంటున్నా.

(తలకిందుల విషయంలో నాకో పెద్ద తోడు దొరికింది లెండి. డచ్ పెయింటర్ మోండ్రియాన్ రంగు టేపులతో చేసిన 'న్యూయార్క్ సిటీ 1' అనే బొమ్మ దశాబ్దాలుగా తలకిందులుగానే వేలాడుతోందని 2022లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో బయటపెట్టారు. తిప్పితే పాత టేపులు ఊడిపోతాయేమోనని అలాగే ఉంచేశారు.)

ఇక మీ సంగతి. ఫొటోలు అర్థమయ్యాయి అన్నారు చూడండి, నాకు అనుమానం అక్కడే. ఇది గుట్ట, ఇది చెరువు, భలే ఉందే, ఎక్కడ తీశారో అనుకుని లేబుల్ చదివి ముందుకెళ్లిపోతాం. గుర్తుపట్టగానే కన్ను పని మానేస్తుంది. పెయింటింగ్‌లో గుర్తుపట్టడానికి ఏమీ దొరక్కపోయేసరికి చిరాకు.

కలిపి పెట్టడం కొత్తేమీ కాదు. జపాన్ ఫొటోగ్రాఫర్ సుగిమోటో 1980 నుంచి సముద్రాలను ఒకే పద్ధతిలో తీస్తూ వచ్చాడు, కింద సగం నీళ్లు, పై సగం ఆకాశం, ఓడ లేదు, ఒడ్డు లేదు. 2012లో లండన్‌లో ఒక గ్యాలరీ వాటిని అమెరికన్ అబ్‌స్ట్రాక్ట్ పెయింటర్ రోత్కో ముదురు రంగు పెయింటింగుల పక్కన పెట్టింది. మన దగ్గర పెయింటర్ రామ్ కుమార్ కాశీ ఘాట్లు, ఇళ్లు గీస్తూ గీస్తూ చివరికి ఇళ్లు కరిగిపోయి రంగు పలకలే మిగిలేదాకా వెళ్లారు. బిందువు, అంటే పెద్ద గుండ్రటి చుక్క బొమ్మలతో పేరొచ్చిన పెయింటర్ రజా కూడా మొదట్లో ల్యాండ్‌స్కేపులు వేసినవాడే. ఆర్టిస్టు నస్రీన్ మొహమ్మదీ అయితే సన్నటి గీతలతో బొమ్మలు వేస్తూ పక్కన ఫొటోలూ తీసింది, బతికుండగా ఆ ఫొటోలను ప్రదర్శనకు పెట్టలేదు. ఫొటో ఉన్నదున్నట్టు చూపిస్తుందనే నమ్మకం ఉంటే జర్మన్ ఫొటోగ్రాఫర్ గుర్‌స్కీ 1999లో చేసిన 'రైన్ 2' (రైన్ అక్కడి నది పేరు) చూడండి. పచ్చగడ్డి, నది, మళ్లీ గడ్డి, ఆకాశం, అడ్డంగా చారలంతే. అవతలి ఒడ్డున ఉన్న కట్టడాన్ని కంప్యూటర్లో తీసేశాడు. 2011 వేలంలో అది 43 లక్షల డాలర్లకు పోయింది. ధర మాట వదిలేయండి, నాకూ మింగుడుపడదు.

ఈసారి వెళ్లినప్పుడు హాలంతా చుట్టేయకండి, మూడు బొమ్మలు చాలు. లేబుల్ చివర్లో చదవండి. పెయింటింగ్ దగ్గర ముందు దూరంగా నిలబడి బరువు ఎటు ఉందో చూడండి, తర్వాత దగ్గరికెళ్లి అంచులు చూడండి, కింద వేసిన రంగు అక్కడే బయటపడుతుంది. మన అబ్‌స్ట్రాక్ట్ పెయింటర్ గైతొండే రోలర్‌తో, కత్తితో పొర మీద పొర వేసి, గీకి, ఏడాదికి ఏ అయిదారు బొమ్మలో పూర్తి చేసేవాడట, ఫోన్లో చూస్తే అవి పసుపు పూసిన గోడల్లా ఉంటాయి. ఫోన్లో చూసి అబ్‌స్ట్రాక్ట్ మీద తీర్పు చెప్పకూడదని నేనంటే మా ఇంట్లో నవ్వుతారు గానీ అది నిజం. ఆ కళ్లతోనే మళ్లీ ఫొటోల వైపు రండి, కళ్లు కాస్త చికిలించి చూస్తే గుట్ట పోయి నలుపూ తెలుపూ మిగులుతాయి. ఫొటోలో మీ మొహమే కనిపిస్తుంటే పక్కకి జరగండి, ఆ తప్పు మీది కాదు, డబ్బులకు చూసుకుని ఫ్రేముకి మామూలు అద్దం వేయించిన నాలాంటివాళ్లది.

హైదరాబాద్‌లో ఉంటే మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీతో మొదలుపెట్టండి, 2015లో మొదలైన ఇండియన్ ఫొటోగ్రఫీ ఫెస్టివల్‌కి అదే ప్రధాన వేదిక. ఏ షో అయినా మామూలు రోజు మధ్యాహ్నం వెళ్లండి. ఓపెనింగ్ రోజు టీ, సమోసాలు బాగుంటాయి గానీ జనం వీపులు తప్ప గోడ కనిపించదు.