స్కీ కొండమీద ఎంతమందికి చోటుంటుంది?

ప్రశ్న: కొలరాడోలో స్కీయింగ్‌కి వెళ్తే కొండెక్కించే కుర్చీల లిఫ్టు క్యూలోనే అరగంట పోయింది. రోజుకు ఇంతమందని ఎలా లెక్కగడతారండీ?
– ఒక పాఠకురాలు, డెన్వర్

జవాబు: లెక్క లిఫ్టుతో మొదలవుతుందమ్మా. నలుగురు కూర్చునే వేగపు లిఫ్టు గంటకు 2,400 మందిని ఎక్కిస్తుందనుకోండి. ఎత్తు 400 మీటర్లు, పని 6 గంటలు అయితే అందరూ ఎక్కిన ఎత్తు కలిపి మొత్తం 57.6 లక్షల మీటర్లు. ఖాళీ కుర్చీలకి, ఎక్కేచోట ఎవరైనా పడితే ఆపేదానికి పదోవంతు తీసేయాలి. మిగిలినదాన్ని ఒక్కొక్కరు రోజంతా దిగే ఎత్తుతో, అంటే 4,000 మీటర్లతో భాగిస్తే సుమారు 1,300 మంది. ఇది హాయిగా తిరగగలిగే సంఖ్యే, గరిష్ఠం కాదు. పార్కింగ్ అంతకన్నా చిన్నదైతే దానిదే హద్దు. యూటాలోని డీర్ వ్యాలీ స్కీ రిసార్టు రోజువారీ టికెట్లకే పరిమితి పెడుతుంది.

లిఫ్టు వేగం పెంచితే చాలనుకోవడం పొరపాటు: క్యూ కరిగి, ఆ జనమంతా వాలుమీదకి చేరి ఢీకొంటారు. ముగ్గురొచ్చినప్పుడు మిగిలే నాలుగో సీటు కోసమే ఒంటరివాళ్ల వరస. ఈసారి అందులో నిలబడండి.