ఇంటర్ చదివే తమ్ముణ్ణి అగ్నివీర్‌కు పంపాలా? ఒక పీఈటీ జవాబు

మీ తమ్ముడు దేవరకొండలో ఇంటర్ సెకండియర్. కాలేజీకి ఎవరో వచ్చి ఆర్మీ గురించి చెప్పి పోయినప్పటి నుంచి డిగ్రీ వద్దు, అగ్నివీర్‌కే పోతానంటున్నాడు. అమ్మ ఏడుస్తోంది. పంపాలా వద్దా అని అడిగారు.

చెల్లెమ్మా, నేను కల్వకుర్తి వైపు ఒక జెడ్పీ హైస్కూల్లో పీఈటీని, అంటే ఆటలు, వ్యాయామం నేర్పే సారును. మా అన్న ఆర్మీలో హవల్దారుగా చేసి రిటైరైండు. తెల్లారకముందే పిల్లల్ని గ్రౌండులో పరుగెత్తించేది నేనే. తల్లిదండ్రులు లేకుండా ఆర్మీ ముచ్చట చెప్పేవాళ్లను క్లాసులోకి రానివ్వొద్దని స్టాఫ్ రూంలో కొట్లాడేదీ నేనే. రెండూ మనసారా చేస్తున్న పనులే.

మా దిక్కు పిల్లలకు ఆర్మీ మీద ఎందుకంత ఆశో బయటివాళ్లకు తొందరగా అర్థం కాదు. పాలమూరు లేబర్ అనిపించుకుని ముంబై, పుణె సైట్ల మీద తట్టలు మోసిన తండ్రుల కొడుకులు వీళ్లు. మా అన్న మొదటిసారి లీవు మీద వచ్చినప్పుడు నల్ల ట్రంకు పెట్టె మీద తెల్ల పెయింటుతో పేరు, నంబరు రాసి ఉన్నాయి. మా నాయన ఆ పెట్టెను వారం దాకా లోపల పెట్టనియ్యలేదు, అరుగు మీదనే ఉంచిండు. వచ్చిపోయేవాళ్లంతా చదవాలని. తర్వాత అన్న జీతంతో బోరు పడింది, చెల్లె పెండ్లి అయింది. ఇయ్యాల అన్నకు నెలనెలా పింఛను పడుతోంది, మిలిటరీ క్యాంటీన్ కార్డు ఉంది, వైద్యం ఉంది.

ఊళ్లలో ఆర్మీ అంటే అందరికీ యాదికొచ్చేది ఈ పాత ఆర్మీనే. మీ తమ్ముడు పోయేది మాత్రం 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం కింద. అందులో చేరేవాళ్లనే అగ్నివీరులంటారు. అందులో సర్వీసు శిక్షణతో కలిపి నాలుగేళ్లు. ఆ తర్వాత 25 శాతం మంది దాకానే రెగ్యులర్‌లోకి తీసుకుంటారు, మిగతావాళ్లు ఇంటికి రావాలి. వాళ్లకు పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. మొదటి ఏడాది నెలకు జీతం 30,000 అంటారు గానీ చేతికొచ్చేది 21,000. నాలుగో ఏడాది 40,000లో 28,000. కోసిన 30 శాతం సేవానిధికి పోతుంది, సర్కారు అంతే కలుపుతుంది. బయటికొచ్చేనాడు వడ్డీతో దాదాపు 11.71 లక్షలు వస్తాయి, వాటి మీద ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. సర్వీసులో ఉన్నంతకాలం 48 లక్షల బీమా ఉంటుంది, దానికి జీతంలో కోత లేదు. ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ల పిల్లగాడికి పదకొండు లక్షలు చిన్న మొత్తం కాదు, నేను కాదనను. కానీ అది అన్న పింఛను లాంటిది కాదు. ఆ తేడా చెప్పకుండా పిల్లలను ఊరించడమే నాకు నచ్చంది.

మా పట్టు మీద ఒకసారి ఆర్మీ గురించి చెప్పే మీటింగును ఆదివారం పెట్టి, తల్లిదండ్రులను కూడా పిలిపించినం. వచ్చినాయన బాగానే చెప్పిండు. దేశం, క్రమశిక్షణ, సియాచిన్, కార్గిల్. పిల్లలు బెంచీల అంచుకొచ్చి కూర్చున్నరు. చివరికి వెనక నిలబడ్డ ఒక తల్లి, పత్తి చేను నుంచి సీదా వచ్చినట్టుంది, కొంగుకు ఇంకా దూది అంటుకునే ఉంది, "నాలుగేండ్లయినంక మావోడు ఏం జేస్తడు సారూ?" అని అడిగింది. ఆయన కేంద్ర బలగాల్లో మాజీ అగ్నివీరులకు ప్రకటించిన 10 శాతం రిజర్వేషన్ గురించి, పదో తరగతితో పోయినవాళ్లకు ఓపెన్ స్కూల్ ద్వారా వచ్చే ఇంటర్ సర్టిఫికెట్ గురించి చెప్పిండు. అప్పటికి అవి నిజాలే. ఆమె అంతా విని, "అంటే మల్ల పరీక్షలు రాయాల్నన్నట్టు" అంది. అప్పటిదాకా ఆ గదిలో ఏ పిల్లగాడికీ ఆ ఆలోచన రాలేదు. తల్లిదండ్రులు ఉండాలని నేను మొండికేసేది ఇందుకే.

చేర్చుకునే వయసు పదిహేడున్నర నుంచి మొదలు. పద్దెనిమిది నిండకపోతే తల్లిదండ్రుల సంతకం కావాలి. పిల్లలను యుద్ధాల్లోకి దించొద్దనే ఐక్యరాజ్యసమితి ప్రోటోకాల్‌ను 2005లో ఆమోదించినప్పుడు, పద్దెనిమిది నిండినవాళ్లనే యుద్ధరంగానికి పంపుతామని మన దేశం రాసిచ్చింది. అంటే వీళ్లింకా పిల్లలేనని సర్కారు కూడా ఒప్పుకున్నట్టే కదా. సంతకం పెట్టాల్సిన తల్లికి, పిల్లగాడికి చెప్పిందంతా తెలియాలా వద్దా?

మనవాళ్ల నోట ఎక్కువగా వచ్చే పేరు కర్నల్ సంతోష్ బాబు. సూర్యాపేట బిడ్డ, 2020 జూన్‌లో గల్వాన్‌లో ప్రాణమిచ్చిండు, మహావీర్ చక్ర వచ్చింది. ఆయన పేరు చెబితే నాకూ గుండె నిండుతుంది. అయితే ఆయన కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) ద్వారా ఆఫీసరైండు. ఆయన ఫొటో చూపి పిల్లలకు అగ్నివీర్ ఫారం ఇస్తరు, ఆయన పోయిన దారి మాత్రం చెప్పరు. మీ తమ్ముడికి పంతొమ్మిదిన్నర దాటకపోతే ఎన్‌డీఏ పరీక్ష రాయొచ్చు, ఇంటర్ సెకండియర్‌లోనే రాయొచ్చు. కష్టమే, లెక్కలు గట్టిగా రావాలి. కానీ అట్లాంటి పరీక్ష ఒకటుందని వాడికి తెలియాలి కదా.

ఇక డిఫెన్స్ అకాడమీల పేరుతో నడిచే కోచింగ్ సెంటర్ల విషయం. "గ్యారంటీ" అనేవాళ్ల గడప తొక్కొద్దు. దరఖాస్తు ఫీజు 250 రూపాయలు. ముందు ఆన్‌లైన్ రాత పరీక్ష, అది పాసైతే ర్యాలీ. ర్యాలీలో 1600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లో ఉరికితే 60 మార్కులు, పది పుల్‌అప్స్‌కు 40. మధ్యలో ఎవరి చేతికీ లక్షలు ఇచ్చే పని లేదు. పరుగు నేర్పడానికి ఊరి గ్రౌండు చాలు. మా బడిలో రెండు వేపచెట్ల నడుమ పాత బోరు పైపు కట్టి పుల్‌అప్స్ చేయిస్తున్నం, ముగ్గు పిండితో గీత గీసి ఎనిమిది రౌండ్లు ఉరికిస్తున్నం. ఆరో రౌండులో ఎవడు నడక పడతడో చూస్తే వాడికి ఇంకా ఎన్ని నెలలు పడుతుందో నాకు అర్థమైతది. అకాడమీకి డబ్బు కట్టే ముందు ఒక డాక్టరుకు చూపించండి. మోకాళ్లు ఒరుసుకున్నా, పాదం చదునుగా ఉన్నా, చూపులో, చెవిలో తేడా ఉన్నా మెడికల్‌లో ఆపేస్తరు. ఏడాది పొడవునా ఉరికి, అక్కడ ఆగిపోయిన పిల్లల ముఖాలు చూడలేం.

2022 జూన్ 17న అగ్నిపథ్ వద్దంటూ సికింద్రాబాద్ స్టేషన్‌లో జరిగిన ఆందోళన మీకు యాదుండే ఉంటది. పాత భర్తీలో ఫిజికల్, మెడికల్ పాసై, రాత పరీక్ష కోసం ఏడాదికి పైగా ఎదురుచూసిన పిల్లలు ఆ గుంపులో ఉన్నరు. రైళ్లు తగలబడ్డయి, పోలీసు కాల్పుల్లో వరంగల్ జిల్లా పిల్లగాడొకడు చనిపోయిండు, చాలామంది మీద కేసులు పడ్డయి. ఆర్మీ తప్ప ఇంకో దారి లేదని నమ్మించిన వయసులో ఆ దారి మూసుకుపోతే ఏమైతదో అప్పుడు చూసినం.

కాబట్టి పంపొద్దని చెప్పను. వాడికి నిజంగా మనసుంటే అడ్డుపడకండి, అమ్మకు కూడా సర్దిచెప్పండి. వాడు చేసేది చిన్న పని కాదు. కానీ ముందు ఇంటర్ మంచి మార్కులతో గట్టెక్కాలి. ఈమధ్య రిజిస్ట్రేషన్లు ఫిబ్రవరి, మార్చిలోనే మొదలవుతున్నయి, సరిగ్గా పబ్లిక్ పరీక్షలప్పుడు. మా పిల్లలు చాలామంది పుస్తకం మూసేది అప్పుడే. ఎంపీసీ అయితే, యాభై శాతం మార్కులుంటే టెక్నికల్‌కు కూడా పెట్టొచ్చు, జనరల్ డ్యూటీ ఒక్కటే కాదు. నల్లగొండలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. అమ్మను, తమ్ముణ్ణి ఇద్దరినీ తీసుకుపోయి మాజీ సైనికులతో మాట్లాడించండి. అమ్మ అడగాలనుకున్నవన్నీ ఆమెనే అడగనియ్యండి, మధ్యలో మీరు జవాబులు చెప్పకండి.

డిగ్రీ అడ్మిషన్లకు ఆన్‌లైన్‌లో అప్లై చేసే దోస్త్‌లో డిగ్రీ సీటుకు కూడా ఈ ఏడాదే అప్లై చేయించండి. సెలెక్ట్ అయితే ఆ సీటు వదులుకోవచ్చు, కాకపోతే వాడికి ఏడాది వృథా కాదు.