ఎవరేమనుకుంటారో అన్న భయం లేకుండా బతకొచ్చా?

"జనం మెప్పు కోసం పాకులాడకుండా స్టోయిక్ పద్ధతిలో బతకడం కుదురుతుందా? అలా ఉంటే మనుషులు దూరమైపోరా?" అని ఒకరు నన్ను అడిగారు. కుదురుతుంది. మన చేతిలో ఉన్నదాన్నే పట్టించుకోమనే ఈ ప్రాచీన గ్రీకు తత్వాన్ని కొన్నేళ్లుగా నేను పాటిస్తున్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

నాకు దారి చూపింది ఎపిక్టెటస్. బానిసగా బతికి, విడుదలయ్యాక తత్వం బోధించినవాడు. మన చేతిలో ఉన్నవేవి, లేనివేవి అని ఆయన విడదీసి చెప్పాడు. శరీరం, ఆస్తి, పదవులతో పాటు పేరుప్రతిష్ఠల్ని కూడా మన చేతిలో లేనివాటిలోనే వేశాడు. అది చదివాక పెద్ద బరువు దిగినట్టయింది. అవతలివాళ్ల మనసులో నా గురించి ఏముందో సరిచేయడం నా పని కాదు.

ఒకసారి ఆఫీసులో ప్రాజెక్టు గడువు మీద మీటింగ్. పై అధికారి ఒక తేదీ చెప్పారు, అందరూ తలూపారు. టెస్టింగ్‌కి ఆ టైం చాలదని నాకు తెలుసు. నోరు విప్పితే "వీడెప్పుడూ అడ్డుపుల్ల వేస్తాడు" అనుకుంటారని గుండె దడదడలాడింది. ఈ మాట చెప్పడం నా పనేనా అని మాత్రం ఆలోచించుకున్నాను. నా పనే. ఏ పనికి ఎంత టైం పడుతుందో లెక్కతో సహా, గొంతు పెంచకుండా చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తేదీ కూడా మారలేదు. అయినా ఆ రాత్రి నాకు ఏ టెన్షనూ లేదు. చెప్పడం నా వంతు, వినడం వాళ్ల వంతు.

ఆ గుండెదడ సంగతి కూడా చెప్పాలి. స్టోయిక్ అంటే బండరాయిలా ఉండాలని చాలామంది అనుకుంటారు. ముఖం ఎర్రబడటం, ఒళ్లు జలదరించడం లాంటి మొదటి కుదుపు ఎవరి అదుపులోనూ ఉండదని రోమన్ స్టోయిక్ తత్వవేత్త సెనెకాయే రాశాడు. ఆ కుదుపు చెప్పేదాన్ని నిజమని ఒప్పుకోవాలా వద్దా అన్నదే మన చేతిలో ఉంది. పదిమందిలో ఎవరైనా మాట అంటే నాకు ఇప్పటికీ చురుక్కుమంటుంది. అనడం వాళ్లిష్టం, ఆ మాటకు లొంగాలా వద్దా అన్నది నా ఇష్టం.

సెనెకాకి ఇంకో అలవాటు ఉండేది: రాత్రి దీపం తీసేశాక ఆ రోజు తను చేసినవన్నీ తనే విచారించుకునేవాడు. నేనూ పడుకునే ముందు, ఈరోజు ఎవరో మెచ్చుకోవాలని మాత్రమే చేసిన పని ఏమిటని చూసుకుంటాను. దొరికేవన్నీ చిన్నవే: నవ్వు రాని మాటకి నవ్వడం, మనసులో లేని ఒక "సరే".

ఒక్క జాగ్రత్త. "నాకెవరి మాటా లెక్కలేదు" అని విమర్శని తోసేయడానికి దీన్ని వాడుకోవద్దు. రోమ్ చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ అంతటివాడే, తన ఆలోచన తప్పని ఎవరైనా చూపిస్తే సంతోషంగా మార్చుకుంటానని రాసుకున్నాడు. మెప్పు అక్కర్లేదు కాబట్టే విమర్శని ప్రశాంతంగా వినగలం.

మనుషులు దూరమయ్యారా అంటే, కొందరు అయ్యారు. కాదనలేనని తెలిసి పని అంటగట్టేవాళ్లు ఫోన్లు తగ్గించారు. ఇంట్లో మాత్రం మాటలు పెరిగాయి. ఉద్యోగం మారాలన్న నా నిర్ణయం మా అక్కకి ఇప్పటికీ నచ్చలేదు. నచ్చలేదనే చెబుతుంది, నేనూ పూర్తిగా వింటాను. ఆవిడని ఒప్పించాలన్న పంతం నాకు లేదు కాబట్టి, ఆ తర్వాత వేరే కబుర్లు గంటలకొద్దీ నడుస్తాయి.