ముందు నాలుగు చక్రాల మీద నడవనీ, తర్వాత విప్పుదువు

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

బండి ఫొటోలన్నీ చూశాను. ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్ జీపు, అదీ ఇంటి దగ్గరే, ఉన్న కొద్ది డబ్బుతో బాగు చేసుకుంటానన్నావు. చేసుకోవచ్చు. ఇలాంటి పాత తరం బండికి ఛాసిస్ (కింది ఇనుప చట్రం) వేరు, బాడీ వేరు. చాలా భాగాలు బోల్టులతో బిగించినవే. నాలుగు పానాలు, ఒక మంచి జాకీ, ఓపిక ఉంటే చేతికి అందని పని అందులో తక్కువ.

ఒక్కటి మాత్రం మానుకో. మొత్తం విప్పేసి, ఒక్కో ముక్కా కొత్తదానిలా చేసి మళ్లీ బిగిస్తానని రాశావు. సగంలో ఆగిపోయే బండ్లు ఆగేది అక్కడే. విప్పడానికి రెండు ఆదివారాలు చాలు. బిగించే వేళకు ఏ బోల్టు ఎక్కడిదో గుర్తుండదు, డబ్బు ముందే రంగుకీ సీట్లకీ అయిపోయి ఉంటుంది. ముందు బండి ఆగాలి, తిరగాలి, ఆ తర్వాత కదలాలి. వరుస ఇదే: ఛాసిస్, బ్రేకులు, స్టీరింగు, ఇంజను. నడిచే బండి తన జబ్బులు తానే చెప్తుంది, అప్పుడు ఒక్కో భాగమే విప్పుతావు. ఏది విప్పినా ముందు ఫొటో తియ్యి, దాని బోల్టుల్ని దాని రంధ్రాల్లోనే వదులుగా పెట్టి ఉంచు.

కిందికి దూరే ముందు ఒక మాట. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. రెండు జతల స్టాండ్లు కొను, ఈ పనిలో మొదటి ఖర్చు అదే కావాలి. మట్టి నేలైతే స్టాండు కింద 18 మి.మీ. ప్లైవుడ్ ముక్క వెయ్యి. ఇటుకలూ సిమెంటు దిమ్మెలూ వద్దు, అవి హెచ్చరిక లేకుండా ఒక్కసారిగా పగులుతాయి. బండి ఎత్తాక పక్కనుంచి గట్టిగా ఊపి చూసి, కదలకపోతేనే కిందికి వెళ్లు.

ఛాసిస్ మీద ఒక రోజు పూర్తిగా పెట్టు. ముందు నీళ్లతో కడుగు, పెట్టెలా మూసి ఉన్న దూలాల లోపల పేరుకున్న బురదతో సహా. ఆ బురదే తేమ పట్టి ఉంచి లోపలి నుంచి తినేస్తుంది. ఆరాక చిన్న సుత్తితో జానెడు జానెడు దూరంలో కొడుతూ వెళ్లు. ఖంగుమంటే ఇనుము గట్టిది. మొద్దుగా మోగితే అక్కడ స్క్రూడ్రైవర్‌తో గుచ్చు, దిగిపోతే రేకు మిగల్లేదని అర్థం. వెనక క్రాస్ మెంబరు (అడ్డదూలం), కమాన్లు (ఆకు స్ప్రింగులు) తగిలించే హ్యాంగర్లు, బాడీ మౌంట్లు, దూలాల అడుగు అంచు, ఈ చోట్లే ముందు పోతాయి. ఆ తర్వాత బండిని చదునైన నేల మీద నిలబెట్టి, నాలుగు హ్యాంగర్ల బోల్టుల దగ్గర్నుంచి బరువు కట్టిన దారం వదిలి కింద సుద్దతో గుర్తులు పెట్టు. మూల నుంచి మూలకు రెండు కొలతలూ తియ్యి. తేడా 6 మి.మీ. దాటితే ఛాసిస్ వంగింది. అలాంటప్పుడు ఇంట్లో చేసే పని కాదు, డబ్బు పోయకముందే ఆగి ఆలోచించు.

తినేసిన చోట మచ్చ మీద మచ్చ వెయ్యొద్దు. మెరిసే ఇనుము కనిపించేదాకా కోసి తీసెయ్యి, అంతే మందం ప్లేటు వెయ్యి. చాలా బండ్లకు 3 మి.మీ. సరిపోతుంది. ప్లేటు చివరలు నిలువుగా కొయ్యకుండా డైమండు ఆకారంలో ఏటవాలుగా కొయ్యి. పై నుంచి కిందికి ఒకే గీతలో వెల్డింగు పడితే, ఆ వేడికి పక్క ఇనుము పెళుసుబారి, దూలం వంగిన ప్రతిసారీ బరువంతా ఆ గీత మీదే పడుతుంది. నాలుగు గుంతల రోడ్లు తిరిగేసరికి అక్కడే చీలుతుంది. వెల్డింగు నీకు రాకపోతే కోయడం, గ్రైండింగు, ప్లేటు తయారీ నువ్వే చేసి పెట్టుకో, వెల్డరు వచ్చి అతికించి వెళ్తే సగం కూలి మిగులుతుంది. బ్యాటరీ తీగలు తీసేశాకే వెల్డింగు. పెట్రోలు ట్యాంకు బండి మీదే ఉండకూడదు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం, లోపల ఆవిరి ఉంటుంది.

ఇక బ్రేకులు. ఇక్కడ పొదుపు అనే మాటే వద్దు. పాత జీపుల్లో చాలావాటికి ఒకటే బ్రేక్ ఆయిల్ సర్క్యూట్, అంటే ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది.

చక్రం విప్పేటప్పుడు స్టడ్డు (వీల్ నట్టు ఎక్కే బోల్టు) చివర చూడు. పాత విల్లీస్ తరహా జీపుల్లో ఎడమ వైపు చక్రాలకు ఎడమ మర ఉంటుంది, అంటే నట్టు కుడికి తిప్పితేనే వదులవుతుంది, స్టడ్డు మీద ఎల్ అని గుర్తు కూడా కొడతారు. తెలియక మామూలు వైపు తిప్పి స్టడ్లు విరగ్గొట్టుకునే వాళ్లు చాలామంది. డ్రమ్ము రాకపోతే షూల అడ్జస్టర్లు పూర్తిగా వదులు చేసి, డ్రమ్ము ముఖం మీద చుట్టూ కొట్టు. అంచు మీద కొడితే పోత ఇనుము ముక్కలుగా రాలుతుంది. లోపలి నల్లపొడిని గాలితో ఊదొద్దు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. నీళ్లు చల్లి తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారెయ్యి.

ఇప్పుడు వీల్ సిలిండర్‌కు (షూలను తోసే చిన్న సిలిండరు) రెండు చివర్లా ఉన్న రబ్బరు బూటు అంచును గోటితో వెనక్కి లాగు. లోపల పొడిగా, కాస్త ధూళి పట్టి ఉంటే సిలిండరు కారడం లేదు. తడిగా మెరిస్తే, లేదా గోధుమరంగు జిగురు కనిపిస్తే లోపలి కప్పులు (రబ్బరు సీళ్లు) పోయాయి. విప్పి బోరులోకి వేలు పెట్టి గోటితో గీరి చూడు. గోరు ఎక్కడైనా తట్టుకుంటే తుప్పు గుంత పడినట్టే, ఎంత హోనింగు చేసి (రాయితో నునుపు చేసి) చూసినా కొత్త కప్పు ఆ గుంత మీద అరిగి మళ్లీ కారుతుంది. అది మార్చాల్సిందే. నున్నగా ఉంటే కిట్టు వేస్తే చాలు. కడగడానికి బ్రేక్ ఆయిలు గానీ స్పిరిటు గానీ వాడు. పెట్రోలు, డీజిలు, ఇంజనాయిలు తగిలితే ఆ రబ్బరు ఉబ్బిపోతుంది. మాస్టర్ సిలిండర్లో (పెడల్ తొక్కితే ఆయిలును తోసేది) పొరపాటున ఇంజనాయిలు పడిందా, వ్యవస్థలో ఉన్న ప్రతి రబ్బరు ముక్కా మార్చాలి.

రబ్బరు హోసులు చూడ్డానికి బాగున్నా కొత్తవే వెయ్యి. పాత హోసు లోపలి నుంచి ఉబ్బి ఆయిలును వెళ్లనిస్తుంది, తిరిగి రానివ్వదు. పెడల్ వదిలినా ఒక చక్రం పట్టేసుకుని కాలుతుంటే చాలాసార్లు ఇదే జబ్బు, జనం మాత్రం షూలు మార్చుకుంటూ కూర్చుంటారు. గట్టి గొట్టాలకు బ్రేకు కోసమే చేసిన ఉక్కు పైపు, లేదంటే కుప్రో నికెల్ పైపు వాడు. ఏసీ పనికి వాడే మెత్తటి రాగి గొట్టం అదురుకు పగులుతుంది. చివరలు డబుల్ ఫ్లేర్ చెయ్యాలి, అంటే గొట్టం అంచును రెండు పొరలుగా మడిచి విప్పార్చాలి.

బ్రేకు గొట్టాల్లో చిక్కుకున్న గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రా. మాస్టర్ సిలిండరు పాతదైతే పెడల్‌ను నేలకు తొక్కొద్దు, సగం వరకే. రోజూ పిస్టను వెళ్లని చివరి భాగంలో తుప్పు ఉంటుంది, అక్కడిదాకా తోస్తే మంచి సీలు కూడా చిరుగుతుంది. చివరగా పెడల్‌ను గట్టిగా ఒక నిమిషం తొక్కి పట్టు. ఎక్కడా కారకుండా పెడల్ మెల్లగా దిగిపోతుంటే తప్పు మాస్టర్ సిలిండర్ లోపల ఉంది. హ్యాండ్‌బ్రేకు ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) వెనక డ్రమ్ము మీద పనిచేసే రకమైతే దాన్ని ఆగి ఉన్నప్పుడే వెయ్యి. నడుస్తుండగా లాగితే ఆ దెబ్బంతా ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసుల మీద పడుతుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు సంగతి వేరు.

స్టీరింగుకు ఇద్దరు కావాలి. ఒకరు స్టీరింగును అటూ ఇటూ కొద్దికొద్దిగా ఆడిస్తుంటే నువ్వు కింద పడుకుని ఒక్కో జాయింటు మీద చెయ్యి పెట్టి చూడు. ఎక్కడ చేతికి టకటక తగిలితే అక్కడ ఆట ఉంది. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే పిన్ను), వీల్ బేరింగు తెలుస్తాయి. ఎవరినైనా బ్రేకు తొక్కి పట్టమని మళ్లీ ఊపు. ఆట మాయమైతే బేరింగు, అలాగే ఉంటే కింగ్‌పిన్. వేగంలో ముందు చక్రాలు తలాడించే జబ్బుకు చాలామంది స్టీరింగ్ డ్యాంపర్ కొంటారు. అది జబ్బును కప్పుతుంది. ముందు టై రాడ్ ఎండ్లు, కింగ్‌పిన్ బిగువు, టైర్ల బ్యాలెన్సింగు చూడు. స్టీరింగ్ బాక్సు బిగించాల్సి వస్తే చక్రాలు సూటిగా ఉన్నప్పుడే బిగించు. వేరే చోట బిగిస్తే మధ్యకు వచ్చేసరికి పట్టేస్తుంది. కమాన్ల యూ బోల్టులు ఒకసారి విప్పితే కొత్తవే వెయ్యి, అవి సాగి ఉంటాయి.

ఇంజన్ని సెల్ఫ్ కొట్టి చూద్దామని ఆత్రపడకు. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్లో రెండు చెంచాల పలచటి నూనె పోసి రెండు రోజులు వదిలెయ్యి. తర్వాత క్రాంకు నట్టుకు పానా పెట్టి చేత్తో తిప్పు. కదలకపోతే మళ్లీ నూనె, మళ్లీ రోజులు. పట్టేసిన ఇంజన్ని సెల్ఫుతో లాగితే రింగులు విరుగుతాయి. తిరిగాక పాత ఆయిలు తీసి, కొత్త ఆయిలు, కొత్త ఫిల్టరు వేసి, ప్లగ్గులు లేకుండానే ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా సెల్ఫు తిప్పు. అప్పుడు ప్లగ్గులు బిగించి స్టార్టు చెయ్యి.

పాత ట్యాంకులోని పెట్రోలు వాడొద్దు, ఒక చిన్న డబ్బా వేలాడదీసి దానితోనే నడిపించు. ఇంజను వేడెక్కాక కంప్రెషన్ (సిలిండర్లో గాలి ఒత్తిడి) చూడు. అన్ని ప్లగ్గులూ తీసి, ప్లగ్గు రంధ్రంలో కంప్రెషన్ గేజి పెట్టి, ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఒక్కో సిలిండరుకు ఐదారు స్ట్రోకులు వచ్చేలా సెల్ఫు తిప్పు. పాత పెట్రోలు ఇంజన్లకు 100 పీఎస్ఐ పైన వస్తే సంతోషమే, అసలు చూడాల్సింది సిలిండర్ల మధ్య తేడా. ఎక్కువ, తక్కువల మధ్య 15 శాతం దాటకూడదు. తక్కువ ఉన్నదానిలో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్లీ చూడు. ముల్లు పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గ్యాస్కెట్. ఈ ఒక్క పరీక్షే అక్కరలేని ఓవర్‌హాలింగు ఖర్చును తప్పిస్తుంది. డీజిలు ఇంజనైతే ఈ గేజి పెట్టకు, పగిలిపోతుంది. దానికి వేరే గేజి ఉంటుంది.

గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు వెనక యాక్సిల్ హౌసింగుల ఆయిళ్లూ తీసి వెలుతుర్లో చూడు. అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద అంటుకోవడం మామూలే, ఇనుప ముక్కలు దొరికితే విప్పాలి. పాలలా తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. హౌసింగు మీది బ్రీదరు (గాలి వచ్చిపోయే చిన్న రంధ్రం) మూసుకుపోతే వేడి హౌసింగు వాగులో దిగగానే లోపలి గాలి ముడుచుకుని సీళ్ల గుండా నీళ్లు పీల్చుకుంటుంది. కాబట్టి బ్రీదరు శుభ్రం చేసి, ఒక గొట్టం తగిలించి బానెట్ ఎత్తుకు తీసుకెళ్లు. గేర్‌బాక్సులో ఆయిలు తగ్గి, ట్రాన్స్‌ఫర్ కేసులో పెరుగుతుంటే రెండిటి మధ్య సీలు పోయినట్టు. ఇత్తడి సింక్రో రింగులున్న గేర్‌బాక్సుకు జీఎల్ 4 రకం గేరాయిలు, యాక్సిల్ హౌసింగుల్లోని హైపాయిడ్ క్రౌన్ పినియనుకు జీఎల్ 5 వెయ్యి. ప్రొపెల్లర్ షాఫ్టు విప్పే ముందు రెండు ముక్కల మీదా సుద్దతో గీత గియ్యి. స్ప్లైను ఒక్క పల్లు మారినా వేగంలో బండి ఒణుకుతుంది.

కరెంటు సంగతి తేలికే. బండి 6 వోల్టులదా 12 వోల్టులదా, పాజిటివ్ ఎర్తా నెగటివ్ ఎర్తా (బ్యాటరీ ఏ కొనను ఛాసిస్‌కు కలిపారో) ముందు తేల్చుకో. సగం జబ్బులు ఎర్తులోనే. తీగ బిగించే చోట రంగు గీరి, ఇంజను నుంచి ఛాసిస్‌కూ, ఛాసిస్ నుంచి బ్యాటరీకీ మందపాటి కొత్త తీగలు వెయ్యి. బ్యాటరీ నుంచి వచ్చే తీగకు వీలైనంత దగ్గర్లో ఫ్యూజు పెట్టు.

టింకరింగూ రంగూ అన్నిటికంటే చివర. నేల రేకు కోసే ముందు బాడీకి అడ్డంగా యాంగిల్ ముక్కలు తాత్కాలికంగా అతికించు, లేకపోతే బాడీ ముడుచుకుని తలుపులు మళ్లీ పట్టవు. రేకు వెల్డింగు ఒక చుక్క ఇక్కడ, ఒక చుక్క అక్కడ, చల్లారనిస్తూ వెయ్యి. పుట్టీ 3 మి.మీ. మించితే పగులుతుంది. నీళ్లు పోయే రంధ్రాలు మూయకు.

పొదుపు ఎక్కడంటే కడగడం, గీకడం, విప్పడం, రంగు వెయ్యడం నీ చేత్తో చేసుకో. రేడియేటరు కోరు, డైనమో, సెల్ఫు, హౌసింగులు పాతవే బాగు చేయించుకోవచ్చు. బేరింగులు, సీళ్లు, బ్రేకు రబ్బర్లు మాత్రం కొత్తవి, మంచివి.

మొదటిసారి బయటికి తీసినప్పుడు 5 కిలోమీటర్లు మించకు, అదీ నెమ్మదిగా. తిరిగి రాగానే నాలుగు హబ్బుల మీదా చెయ్యి పెట్టు. ఒకటి మిగతావాటి కంటే వేడిగా ఉంటే అక్కడ షూ పట్టేస్తోంది, లేదా బేరింగు బిగువు ఎక్కువైంది. గట్టి తారురోడ్డు మీద ఫోర్ వీల్ వెయ్యకు, ముందు వెనక చక్రాల తిరుగుడు తేడా పోయే దారి లేక గేర్లు బిగుసుకుంటాయి. 50 కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లు, యూ బోల్టులు మళ్లీ బిగించు, 500కు ఇంకోసారి. కంప్రెషన్ అంకెలు, ఛాసిస్ కొలతలు నాకు రాసి పంపు. అవి చూశాక తర్వాత ఏది విప్పాలో చెప్తాను.

ఇట్లు,
మీ మామయ్య