వార్డెన్ సంతకం సరిపోదు

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో ఎంబీబీఎస్ రెండో సంవత్సరం. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) విద్యార్థి ప్రాజెక్టుగా గుంటూరు ఇంటర్ హాస్టల్ అమ్మాయిల్లో రక్తహీనతపై అధ్యయనం చేద్దామనుకుంది. మనుషులపై పరిశోధనలు నైతికంగా ఉన్నాయో లేదో చూసే ఎథిక్స్ కమిటీ అభ్యంతరాలు రాసి వెనక్కి పంపింది. లేఖ జతచేశాను. ప్రాజెక్టు పోయినట్టేనా? రేపు పీజీకి ఇది మచ్చ అవుతుందా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: పోలేదండీ. కమిటీ ఆమోదించొచ్చు, చిన్న మార్పులు అడగొచ్చు, సవరించి మళ్లీ తెమ్మనొచ్చు, తిరస్కరించొచ్చు. మీకొచ్చింది మూడోది. మచ్చేమీ కాదు. పీజీ థీసిస్‌కూ ఈ కమిటీ ముందుకే వెళ్లాలి, అప్పటికి అమ్మాయికి దారి తెలిసి ఉంటుంది.

అసలు చిక్కు రెండో అభ్యంతరంలో ఉంది. 'ప్రిన్సిపాల్, వార్డెన్ అనుమతి తీసుకుంటాం' అని రాసింది అమ్మాయి. ఇంటర్ పిల్లల్లో చాలామందికి పద్దెనిమిది నిండవు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లి లేదా తండ్రి సమ్మతి కావాలి, పిల్ల కూడా సరేనని సంతకం పెట్టాలి. ప్రిన్సిపాల్ హాస్టల్లోకి రానివ్వగలరు, రక్తం ఇమ్మని పిల్ల తరఫున ఒప్పుకోలేరు.

దీన్ని చాదస్తం అనుకోకండి. 2009లో ఉమ్మడి రాష్ట్రంలోనే, ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకాలు వేశారు. టీకా మంచిచెడ్డలు వేరే మాట. చాలా సమ్మతి పత్రాల మీద వార్డెన్లు, హెడ్మాస్టర్ల సంతకాలే ఉన్నాయి. 2010లో ఆ ప్రాజెక్టు ఆగింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. మీ అమ్మాయి కాగితంలో వార్డెన్ అన్న మాట కనబడగానే కమిటీ ఎందుకు ఆగిందో ఇప్పుడు అర్థమవుతుంది.

కమిటీలో డాక్టర్లే ఉండరు. అధ్యక్షులు బయటి సంస్థవారు. లాయరు, సామాజిక శాస్త్రం తెలిసినవారు, వైద్యంతో సంబంధం లేని సామాన్యులొకరు ఉంటారు. కనీసం ఐదుగురు కూర్చుంటేనే నిర్ణయం. గైడ్ అందులో సభ్యులైతే ఆ వేళకు బయటికెళ్లాలి. ఆ సామాన్య సభ్యులకు అర్థం కాని తెలుగు ఫారం పల్నాడు నుంచి వచ్చే తల్లికీ అర్థం కాదు. అమ్మాయిని ముందు ఆ ఫారం మీ ఇంట్లో పెద్దావిడకు చదివి వినిపించమనండి.

సమ్మతి కోసం తల్లిదండ్రులు పిల్లల్ని చూడ్డానికి వచ్చే ఆదివారాలు ఎంచుకోమనండి. వార్డెన్ పక్కన లేకుండా పిల్లతో మాట్లాడాలి, ఎదురుగా ఉంటే వద్దనే ధైర్యం ఎవరికుంటుంది? రక్తం తక్కువని తేలితే ఎవరికి చెబుతారో, వైద్యానికి ఎక్కడికి పంపుతారో కూడా రాయాలి. అది రాయకపోవడం నాకు సమ్మతి కంటే పెద్ద లోపంగా అనిపించింది.

ప్రతి అభ్యంతరానికీ విడిగా జవాబు రాసి, మార్చిన పేజీ నంబరు చూపించాలి. ఆమోద పత్రం చేతికొచ్చేదాకా ఒక్క శాంపిల్ కూడా తీయొద్దు, తీసిన తర్వాత వచ్చే ఆమోదం వాటికి వర్తించదు.