రేకు మీద గీత గీశావా?

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ మెయిల్ చూశాను. మెగ్నీషియం రేకు ఎక్స్-రే బొమ్మలో 002 పీక్ (స్ఫటికంలోని బేసల్, అంటే అడుగు, తలాల నుంచి వచ్చే మెరుపు) లెక్కకు లొంగడం లేదని, అందుకని శాంపిల్ ఎటు తిరిగి ఉందో చెప్పే ఒమేగా, కై, ఫై కోణాలు మూడింటినీ రిఫైన్‌మెంట్‌కి, అంటే ప్రోగ్రాం తానే సవరించుకుంటూ లెక్కను కొలతకు సరిపెట్టడానికి, వదిలేశానని రాశావు. ముందు ఆ మూడు టిక్కులూ తీసెయ్యి. కై సున్నా దగ్గర ఉంటే ఒమేగా, ఫై ఒకే ఇరుసు చుట్టూ తిరుగుతాయి. ఆ రెంటినీ కలిపి వదిలితే ప్రోగ్రాం ఒకదాన్ని పెంచి ఇంకోదాన్ని తగ్గిస్తూ కూర్చుంటుంది. ఆ కోణాలు నువ్వు శాంపిల్ ఎక్కించిన రోజే తెలియాల్సినవి.

రేకు మీద రోలింగ్ దిశను, అంటే రోలర్ల మధ్య రేకు సాగిన దిశను, పెన్నుతో గీశావా? కిరణం వైపు ఉన్న ముఖానికి గుర్తు పెట్టావా? లేకపోతే మళ్ళీ కొలవడమే దారి. కోప్పడుతున్నానని అనుకోకు, నేనూ ఒకసారి ఇలాగే రెండు వారాలు పోగొట్టుకున్నాను. డిటెక్టర్ బొమ్మ అద్దంలోలా తిరగబడి సేవ్ అయింది. నేను మాత్రం ఫిట్‌ని తిట్టుకుంటూ గడిపాను.

అప్పటినుంచి రెండు పనులు మానలేదు. డిటెక్టర్ ముందు ఒక మూల చిన్న సీసం ముక్క అంటించి, దాని నీడ బొమ్మలో ఏ మూల పడిందో చూస్తాను. తర్వాత గట్టిగా లాగిన రాగి తీగను నిలువుగా పెట్టి ఒక షాట్ తీస్తాను. అలాంటి తీగలో స్ఫటికాల 111 దిశలు (111 తలాలకు లంబంగా ఉండేవి) ఎక్కువగా తీగ పొడవునే ఉంటాయి కాబట్టి 111 వలయం పైనా కిందా మెరవాలి. నీ ప్రోగ్రాం ఆ మెరుపును అజిముత్ (వలయం చుట్టూ కొలిచే కోణం) 0 దగ్గర చూపిస్తోందా, 90 దగ్గరా? సున్నా ఎక్కడ మొదలవుతుందో ఒక్కో ప్రోగ్రాంలో ఒక్కోలా ఉంటుంది. మాన్యువల్ చదివినా సరే, తీగతో చూసుకుంటేనే నాకు నిద్ర పడుతుంది.

ఇక నీ 002 సంగతి. రోల్ చేసిన మెగ్నీషియంలో బేసల్ తలాలు రేకుకు దాదాపు సమాంతరంగా పడుకుంటాయి. రేకును కిరణానికి అడ్డంగా పెడితే 002 వలయం చాలా నీరసంగా వస్తుంది. అది నీ తప్పు కాదు, టెక్స్చర్, అంటే స్ఫటికాలు ఒక దిశకే మొగ్గి ఉండడం, అంటేనే అది. ఒక్క బొమ్మతో పోల్ ఫిగర్‌లో (ఒక రకం తలాలు ఏ దిశకు ఎంత మొగ్గాయో చూపే గుండ్రటి పటంలో) అంచు పట్టీ మాత్రమే దొరుకుతుంది. నిలువు ఇరుసు చుట్టూ తిప్పుతూ ఇంకొన్ని బొమ్మలు తియ్యి, ప్రతి బొమ్మకీ దాని ఒమేగా విలువ వేసుకో. మోటారు ప్లస్ వైపు తిరిగేటప్పుడు పైనుంచి చూసి, ఎటు తిరిగిందో నోట్‌బుక్‌లో బాణం గీసుకో.

శాంపిల్ సిమెట్రీ, అంటే రేకు అటూ ఇటూ ఒకేలా ఉందన్న షరతు, మొదట్లో ఏమీ పెట్టకు. పోల్ ఫిగర్ నిజంగా రోలింగ్ సిమెట్రీలో కనిపించాకే అది పెట్టు. టెక్స్చర్‌ని వర్ణించే హార్మోనిక్స్ (గణిత తరంగాలు) ఆర్డర్ 4తో మొదలుపెట్టి మెల్లగా పెంచు. టెక్స్చర్ ఎంత బలంగా ఉందో చెప్పే టెక్స్చర్ ఇండెక్స్ 1 అంటే ఏ వరుసా లేని పొడి. ఆర్డర్ పెంచిన కొద్దీ ఇండెక్స్ ఎగబాకుతూ, పోల్ ఫిగర్‌లో మైనస్ విలువలు కనిపిస్తే వెనక్కి రా. అన్నీ కుదిరాక, చివర్లో కావాలంటే ఒక్కో కోణాన్నే విడిగా వదిలి చూడు. ఒకటి రెండు డిగ్రీలు కదిలితే రేకు కాస్త వంకరగా అంటుకుందని అర్థం. 20 డిగ్రీలు కదిలితే మళ్ళీ రాగి తీగ దగ్గరికే వెళ్ళు.

మీ ల్యాబ్‌లోని మామూలు పౌడర్ మెషీన్‌లో, బ్రాగ్-బ్రెంటానో పద్ధతిలో, ఈ బాధ లేదు. అక్కడ కొలిచేది ఎప్పుడూ పలక లంబ దిశలోనే, ఫై ఎంత వేసినా తేడా రాదు. ఫేజ్ శాతాలే (ఏ స్ఫటిక పదార్థం ఎంతుందో) కావాలంటే శాంపిల్‌ని స్పిన్ చేసి, టెక్స్చర్ ప్రభావాన్ని సులువుగా సవరించే మార్చ్-డొలాస్ కరెక్షన్ వేసి వదిలెయ్యి.

ఈసారి రేకు ఎక్కించగానే స్కెచ్ ఫోటో తీసి పంపు. బొమ్మ చూడకుండానే 002 ఎటు మెరుస్తుందో చెప్తాను, సరిపోల్చుకుందాం.

ఇట్లు,
మీ సార్